నొప్పుల మాత్రలు: ఏం తిని వేసుకోవాలి, వేటితో వేసుకోకూడదు?

కౌంటర్‌_కబుర్లు:

మందుల షాపు కౌంటర్ మీద అతికించడానికి ఒక్క పేజీ చీటీ తయారుచేస్తున్నాను. డోలో, కాంబిఫ్లామ్, జిరోడాల్-పి, వొవెరాన్, ఎకోస్ప్రిన్ లాంటి రోజూ కదిలే సరుకుకీ తిండికీ ఉన్న సంబంధం గురించి. వచ్చేవాళ్ళు అడిగేవి దాదాపు ఇవే:

పరగడుపున డోలో వేసుకుంటే కడుపు పాడవుతుందా? పాలతో మింగొచ్చా, మజ్జిగతోనో టీతోనో మింగితే పనిచేయదా? బిళ్ళ వేసుకున్న రోజు పులుపూ కారమూ మానేయాలా? గ్యాస్ బిళ్ళ జతచేస్తే ఇక భయం లేదా? రాత్రి మందు పుచ్చుకున్నవాళ్ళకి పొద్దున తలనొప్పికి ఏది ఇవ్వాలి? బీపీ మాత్రలు వాడేవాళ్ళకి ఏమైనా వేరే జాగ్రత్త ఉందా?

మందు కాగితంలో "ఆహారం తర్వాత" అని ఒక్క ముక్క ఉంటుంది. ఎంత తినాలో, ఎందుకు తినాలో ఉండదు. కారణం తెలియకపోతే అడిగినవాళ్ళకి నమ్మకంగా చెప్పలేం. తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి రాయండి.

---

మాత్ర_చీటీ:

చీటీ మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఒక పక్క పారాసిటమాల్ (డోలో) ఒక్కటే. రెండో పక్క ఇబుప్రోఫెన్ (బ్రూఫెన్), డైక్లోఫెనాక్ (వొవెరాన్), ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, ఆస్పిరిన్ (ఎకోస్ప్రిన్). జనం రెండింటినీ "నొప్పుల బిళ్ళ" అనే ఒకే గంపలో వేసి, ఒకదాని పథ్యం ఇంకోదానికి పెడతారు. మొదటిదాని పేచీ కాలేయంతో. రెండోవాటి పేచీ పొట్టతో, కిడ్నీతో, బీపీతో.

పారాసిటమాల్ పరగడుపున వేసుకోవచ్చు. పొట్ట లోపలి పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ల జోలికి అది పెద్దగా పోదు, అందుకే పుండ్లు పడవు. పైగా ఖాళీ కడుపున అయితే అరగంట, గంట లోపే రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. అదే నాలుగు పూరీలూ కూరా లాగించి వెంటనే వేసుకుంటే ఆలస్యం. మందు రక్తంలోకి ఎక్కేది ముఖ్యంగా చిన్నపేగులో. పొట్ట ఖాళీ అయితేగానీ అది అక్కడికి దిగదు. ఎక్కే మొత్తం తగ్గదు, వేళ మాత్రం జరుగుతుంది.

పారాసిటమాల్‌కి సంబంధించి తిండి తెచ్చే అసలు చిక్కు ఈ ఆలస్యమే. గంటైనా తలనొప్పి తగ్గలేదని రెండో బిళ్ళ వేస్తారు, కాసేపాగి ఇంకేదో కంపెనీది వేస్తారు. లెక్క చూడండి:

డోలో 650 రోజుకి మూడు = 1950 మి.గ్రా.
జిరోడాల్-పి రెండు (ఒక్కోదాంట్లో ఎసిక్లోఫెనాక్ 100తో పాటు పారాసిటమాల్ 325) = 650
జలుబు మాత్ర 500ది మూడు = 1500
మొత్తం 4100.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజు మొత్తంలో దాటకూడని గీత 4000. ఈ మనిషి ఏ ఒక్క బిళ్ళా ఎక్కువ వేసుకోలేదు, అయినా గీత దాటేశాడు. కాంబిఫ్లామ్‌లో ఇబుప్రోఫెన్ 400తో పాటు పారాసిటమాల్ 325 ఉంది, సారిడాన్‌లో 250 ఉంది. చీటీలో ఇది పెద్ద అక్షరాల్లో ఉండాలి. 50 కిలోల లోపు బరువున్నవాళ్ళకీ, కాలేయం దెబ్బతిన్నవాళ్ళకీ, నాలుగైదు రోజులుగా జ్వరంతో అన్నం సయించక జావ మీద ఉన్నవాళ్ళకీ ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది, డాక్టరు చెప్పాలి.

అన్నం మానేసినవాళ్ళని ఎందుకు కలిపానంటే, పారాసిటమాల్‌లో కొంత భాగం కాలేయంలో ఒక విషపదార్థంగా మారుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు కడిగేసేది గ్లూటాథియోన్. రోజుల తరబడి తిండి లేకపోతే ఆ నిల్వ తగ్గుతుంది. ఒక పూట ఏకాదశి ఉపవాసానికి మామూలు మోతాదుతో ఏమీ కాదు. వారం రోజుల లంఖణం వేరే సంగతి.

ఇక గీతకి రెండో పక్క. వీటిని ఏదైనా తిని వేసుకోవాలి. రెండు ఇడ్లీలు, ఒక పెద్ద గరిటెడు మజ్జిగన్నం, ఉప్మా, ఏదైనా సరే. విందు భోజనం అక్కర్లేదు. అలాగని టీలో ముంచిన రెండు బిస్కెట్లు తిండి కింద చెల్లవు. మాత్ర నేరుగా పొట్ట గోడకి తగిలి రేపే మంటనీ వికారాన్నీ తిండి తగ్గిస్తుంది.

అయితే పుండు పడేది మాత్ర తగలడం వల్ల మాత్రమే కాదు. మందు రక్తంలోకి వెళ్ళి, అక్కణ్నుంచి పొట్ట పొరలోని కాపలా ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపేస్తుంది. ఇంజెక్షన్‌గా ఇచ్చినా పుండు పడేది అందుకే. "నేను తినే వేసుకుంటున్నా కదా" అని నెలల తరబడి వాడేవాళ్ళకి కడుపు నిండా తిన్న అన్నం కాపలా కాయదు. 60 దాటినవాళ్ళు, ఇదివరకు పుండు ఉన్నవాళ్ళు, ఎకోస్ప్రిన్ గానీ స్టెరాయిడ్ గానీ వాడుతున్నవాళ్ళు డాక్టరు చీటీ లేకుండా అడిగితే ఇవ్వకండి.

గ్యాస్ బిళ్ళ: పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకం అయితే తిండికి అరగంట ముందు. మనవాళ్ళు రెండు బిళ్ళలూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తారు, తీసుకెళ్ళినవాళ్ళు రెండూ భోజనం తర్వాత ఒకే గుక్కలో మింగుతారు. యాసిడ్ పంపులు తిండితో నడవడం మొదలెట్టే వేళకి ఆ మందు రక్తంలో ఉండాలి. భోజనం అయ్యాక వేసుకుంటే సగం దండగ. ఇంకోటి, అది కాపాడేది పొట్టనీ దాని కింది మొదటి మలుపునీ. కింది పేగుల్లో రక్తస్రావాన్ని ఆపదు, కిడ్నీకి ఏ మేలూ చేయదు.

వొవెరాన్ 50, ఎకోస్ప్రిన్ మీద పేగులో మాత్రమే కరిగే పూత ఉంటుంది. వాటిని నూరి తేనెలో కలిపి ఇవ్వొద్దు, విరిచి ఇవ్వొద్దు. పూత యాసిడ్‌లో నిలిచి, యాసిడ్ తగ్గితే కరుగుతుంది. మాత్రతో పాటే తెల్లటి యాంటాసిడ్ సిరప్ రెండు మూతలు తాగితే పూత పొట్టలోనే విప్పుకునే వీలుంది. రెంటికీ మధ్య కనీసం 2 గంటలు ఎడం ఉంచమనండి.

---

పథ్యం_పట్టిక:

పైన అన్నీ చెప్పేశారు, పాలూ పులుపూ నాకు వదిలేశారు.

పాలతో నొప్పి మాత్ర వేసుకోవచ్చు, మజ్జిగతోనూ వేసుకోవచ్చు. పాల భయం వేరే మందుల నుంచి పాకింది. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లని పాలలోని కాల్షియం పట్టేసుకుని రక్తంలోకి వెళ్ళనివ్వదు. ఐరన్ మాత్రలు, థైరాయిడ్ మాత్రలదీ దాదాపు ఇదే గొడవ. జ్వరం చీటీలో డాక్సీ, డోలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి "పాలు వద్దు" అన్న మాట రెంటికీ అంటుకుంది. చీటీలో ఏ మాత్రకి పాలు వద్దో దాని పేరు పక్కనే రాయండి, లేకపోతే జనం అన్నిటికీ మానేసి, ముసలివాళ్ళ చేత పరగడుపున నొప్పి మాత్రలు మింగిస్తారు.

కారం వల్ల పుండు పడదు. ఉన్న పుండు మీద కారం పడితే మండుతుంది. అందుకని బిళ్ళ వేసుకున్న రోజు కూర చప్పగా వండక్కర్లేదు. బిళ్ళ మొదలయ్యాక మంట కొత్తగా వచ్చిందంటే కారం మీద నెపం వేసి బిళ్ళ కొనసాగించకూడదు, అక్కడ తప్పుతోంది.

చింతపండు సంగతి మాత్రం ఆసక్తికరం. నైజీరియాలో ఆరోగ్యవంతులైన మనుషులకి చింతపండు రసం కలిపిన భోజనంతో ఒకసారి ఆస్పిరిన్, వేరే పరీక్షలో ఇబుప్రోఫెన్ ఇచ్చి చూశారు. చింతపండు లేని భోజనంతో పోలిస్తే రక్తంలోకి ఎక్కిన మందు ఎక్కువగా కనిపించింది. చిన్న పరీక్షలవి. మన పులుసుకి సరిపోయే కొలతలు అందులోంచి తీయలేం. రోజూ చారూ పులుసూ తినే మనిషి వాటిని మానేయనక్కర్లేదు. కానీ రెండు మాత్రల మోతాదు మీద ఉన్నవాళ్ళు గిన్నెడు పులిహోర తిని, పైన ఇంకో బిళ్ళ "బలానికి" వేసుకునే పద్ధతికి నేను ఒప్పుకోను.

అల్లం, వెల్లుల్లి, పసుపు: వంటలో పడేంత పడనివ్వండి. జాగ్రత్త పడాల్సింది సీసాల్లో అమ్మే గాఢమైన గుళికల దగ్గర. వెల్లుల్లి సారం, చేపనూనె, కుర్కుమిన్ గుళికలు ఆస్పిరిన్‌తో కలిస్తే రక్తం గడ్డకట్టే గుణం ఇంకాస్త తగ్గవచ్చు. మోకాళ్ళకని అమ్మే పసుపు గుళికల్లో మిరియాల సారం పైపెరిన్ కలుపుతారు. కుర్కుమిన్ మామూలుగా ఒంటికి పట్టదు, పైపెరిన్ దాన్ని పట్టిస్తుంది. అలా పట్టిన కుర్కుమిన్‌తో కాలేయం వాచిన కేసులు నమోదయ్యాయి. అదే మనిషి రోజూ పారాసిటమాల్ వేసుకుంటుంటే, కాలేయం మీద రెండు బరువులు. పసుపు కదా, ఇంట్లోదే కదా అని డాక్టరుకి చెప్పరు. మీరే అడగాలి.

అతిమధురం చప్పరించేవాళ్ళు మన దగ్గర చాలామందే. దగ్గుకి రెండు రోజులు సరే. రోజూ అయితే ఒంట్లో ఉప్పూ నీరూ నిలుస్తాయి, బీపీ పెరుగుతుంది. నొప్పి మాత్రలూ అదే పని చేస్తాయి.

టీ కాఫీలు: మందుని చెడగొట్టవు. నొప్పి మాత్రకి కెఫీన్ తోడైతే నొప్పి కొంచెం ఎక్కువే తగ్గుతుంది, అందుకే సారిడాన్‌లో 50 మి.గ్రా. కెఫీన్ పెట్టారు. చిక్కల్లా రోజూ తలనొప్పి వచ్చేవాళ్ళకి. పొద్దున కాఫీ, పదింటికి కెఫీన్ ఉన్న బిళ్ళ, సాయంత్రం మళ్ళీ కాఫీ. నెలలో 10 రోజులు, అంతకు మించి ఇలాంటి మిశ్రమ బిళ్ళలు (ఒట్టి పారాసిటమాల్ అయితే 15 రోజులు) నెలల తరబడి వాడితే బిళ్ళే తలనొప్పిని తెస్తుంది. కౌంటర్ దగ్గర స్ట్రిప్పులు లెక్కపెట్టేది మీరే కాబట్టి ముందు తెలిసేదీ మీకే.

పాలూ మజ్జిగా తప్పు కాకపోయినా, మింగడానికి నీళ్ళే మేలు. నిండు గ్లాసు, కూర్చుని. రాత్రి పడుకునే ముందు ఒక్క గుక్కతో మింగి వెల్లకిలా పడుకుంటే మాత్ర గొంతు కింద ఆహారనాళంలోనే అతుక్కుని అక్కడే కాలుస్తుంది. మర్నాడు మింగితే గుండెల మధ్య పొడిచినట్టుంటుంది, గ్యాస్ అనుకుంటారు. మింగాక అరగంటైనా పడుకోవద్దు.

---

కిడ్నీ_వార్డు:

బీపీ మాత్రల ప్రశ్నకి ఇంకా ఎవరూ రాలేదు. మా వైపు నుంచి అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాన్ని అవసరమైనప్పుడు తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్లు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఆ తలుపు మూస్తాయి. టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు రక్తం బయటికెళ్ళే తలుపుని వదులు చేస్తాయి. నీరు పోయే మాత్ర ఒంట్లో నీళ్ళే తగ్గిస్తుంది. మూడూ కలిస్తే వడకట్టడానికి ఒత్తిడి మిగలదు. మే నెల ఎండలో ఉపాధి పనికో ఇటుక బట్టీకో వెళ్ళి, మూత్రం చిక్కగా పచ్చగా వస్తున్న మనిషి సాయంత్రం ఒళ్ళు నొప్పులకి రెండు డైక్లోఫెనాక్ వేసుకుంటే బీపీ మాత్రలు లేకపోయినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టలేక మిగిలే వ్యర్థం) పెరగొచ్చు. ముందు నీళ్ళు, మజ్జిగ, ఓఆర్ఎస్ (పాకెట్ మీద ఎంత రాసుంటే అన్ని నీళ్ళు, పెద్ద పాకెట్‌కి లీటరు). మూత్రం తేటగా వచ్చాక, అప్పటికీ నొప్పి ఉంటే పారాసిటమాల్. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుకి కారణం నొప్పి మాత్రలేనని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అక్కడి జబ్బుకి కారణం ఇదీ అని తేలలేదు. కానీ ఇప్పటికే నలిగిన కిడ్నీ ఉన్న మనిషికి ఈ బిళ్ళ ఇవ్వడం మాత్రం ఖాయంగా తప్పే.

ఇప్పుడు కొబ్బరి బోండం. ఎండదెబ్బకి మంచిదే, ఎవరికి మంచిదన్నదే ప్రశ్న. 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 200 నుంచి 250 మి.గ్రా. పొటాషియం. బోండంలో 300 మిల్లీలీటర్లు ఉంటే 600 నుంచి 750. టెల్మిసార్టన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. నొప్పి మాత్ర కూడా పోనివ్వదు. ఇలాంటి మందూ నొప్పి మాత్రా రెండూ వాడుతూ రోజుకి రెండు బోండాలు తాగే పెద్దవాళ్ళ రక్తంలో పొటాషియం 6 దాటొచ్చు. మామూలుగా ఉండాల్సింది 3.5 నుంచి 5. దీంతో వచ్చే గొడవేమిటంటే, నొప్పి ఉండదు, మంట ఉండదు. కాళ్ళు బలం లేనట్టు ఉండొచ్చు, లేదా ఏమీ ఉండకుండానే గుండె లయ తప్పొచ్చు.

ఇలాంటిదే "బీపీ ఉప్పు" అని కొనే తక్కువ సోడియం ఉప్పు. సోడియం తగ్గించి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ బాగున్నవాళ్ళకి మంచిది. పై మందుల మీద ఉన్నవాళ్ళు డాక్టరుని అడక్కుండా వాడకూడదు. పాకెట్ వెనక సన్నటి అక్షరాల్లో హెచ్చరిక ఉంటుంది, చదివేవాళ్ళు లేరు.

మామూలు ఉప్పు ఎక్కువైనా కష్టమే. ఈ బిళ్ళలు ఒంట్లో సోడియం నిలిపేస్తాయి, బీపీని సగటున 3 నుంచి 5 పాయింట్లు పెంచుతాయి, బీపీ మాత్రల పనిని తగ్గిస్తాయి. పక్కన ఆవకాయ, అప్పడం, ఉప్పుచేప ఉంటే కాళ్ళు వాయొచ్చు. మోకాలి నొప్పికి బిళ్ళ, కాళ్ళ వాపుకి ఇంకో బిళ్ళ, బీపీకి మోతాదు పెంపు అంటూ చీటీ పొడుగవుతుంది. కొత్తగా కాళ్ళ వాపు అని వచ్చినవాళ్ళని "నొప్పుల మాత్ర ఏమైనా వాడుతున్నారా" అని అడగండి.

నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే పారాసిటమాల్ విదేశాల నుంచి కొందరు తెచ్చుకుంటారు. ఆ నురగ సోడియం ఉప్పుది. 500 మి.గ్రా. మాత్ర ఒక్కోదాంట్లో 400 మి.గ్రా. అటూఇటూగా సోడియం ఉండే రకాలున్నాయి. రోజుకి 8 వేస్తే 3 గ్రాములు దాటుతుంది. రోజు మొత్తం తిండిలో ఉండాల్సిందే 2 గ్రాముల లోపు.

---

ఓరుగల్లు_గోలీలు:

అన్నా, కల్లు సంగతి ఎవ్వరూ రాయలే. మా దిక్కు కౌంటర్ల మీద మొదాల్ రాయాల్సింది అదే.

తాగినోళ్ళకి పొద్దుగాల తలనొప్పికి ఏ గోలీ ఇయ్యాలె అని అడిగినవ్ కదా. మొదలు నీళ్ళు, ఇంత అన్నమో జావో. అప్పుడప్పుడు ఇంత తాగేటోడికి డోలో ఒకటి ఇస్తే ఏం గాదు. రోజూ మూడు పెగ్గుల మీద తాగేటోడి లెక్క వేరే. రోజూ సారా, విస్కీ పడే కాలేయంల పారాసిటమాల్‌ను విషంగ మార్చే ఎంజైము ఎక్కువ తయారైతది. తాగినంతసేపు ఆ ఎంజైము తాగిన మందు పనిల ఉంటది. తెల్లారి మందు దిగినంక ఖాళీగ కూసుంటది, గప్పుడు ఇచ్చిన గోలీ మీద పడ్తది. పైనుంచి రాత్రి అన్నం తినకపాయె, విషాన్ని కడిగే గ్లూటాథియోన్ నిల్వ లేకపాయె. అసొంటోళ్ళకి రోజుకి 2 గ్రాములు దాటనియ్యొద్దు, అంటే 650వి మూడు. అది గూడ ఒకటి రెండు దినాలే.

మరి బ్రూఫెన్ ఇస్తనంటవా? అది ఇంకా పాడు. రాత్రంత మందుతోని పొరలేసిన పొట్ట, ఒంట్లె నీళ్ళు లెవ్వు. గట్లనే కొందరు రక్తం కక్కుకుంటరు.

అసలు భయం గట్టి నొప్పులకి ఇచ్చే మత్తు గోలీ ట్రమడాల్‌తోని. కొన్నిచోట్ల కల్లుల డైజిపామ్, ఆల్ప్రాజోలమ్ అసొంటి మత్తుమందు కలిపిన కేసులు పట్టుకున్నరు. తాగెటోడికి తెల్వదు అండ్ల ఏముందో. దాని మీద ట్రమడాల్ పడితే రెండు మత్తులు కలిసి ఊపిరి నెమ్మదైతది, నిద్రల్నే పోతడు. ట్రమడాల్ 2018 నుంచి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది, చిట్టీ లేనిది ఇచ్చుడే లేదు. చిట్టీ ఉన్నా "కల్లు తాగుతవా" అని అడిగే ఇయ్యాలె.

ఇంకోటి. పేరు లేని నొప్పుల పొడి, నల్ల గోలీలు అని అంగట్ల అమ్ముతరు. ఆయుర్వేదం అంటరు గాని అసొంటివాటిల స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ కలిపినయి దొరికినయి. రెండు దినాలల్ల మోకాలు ఎగిరి దుంకుతున్నదంటే అనుమానం పడాలె. దాని మీద మన షాపు గోలీ ఇస్తే స్టెరాయిడూ నొప్పి గోలీ రెండూ ఒక్కటై పుండు బాధ మస్తు పెరుగుతది. "ఇంకేమన్న పొడి తింటున్నవా" అని అడుగుడు మర్చిపోకు.

---

డాలస్_ఫార్మ్:

ఇక్కడి తెలుగువాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలకి ఇవి పనికొస్తాయి.

అమెరికాలో పారాసిటమాల్ పేరు ఎసిటమినోఫెన్. టైలినాల్ డబ్బా మీద పారాసిటమాల్ అన్న మాటే కనిపించదు. నాన్నగారు సూట్‌కేసులో తెచ్చుకున్న డోలో వేసుకుంటారు, అబ్బాయి టైలినాల్ ఇస్తాడు, రాత్రి దగ్గుకి కోడలు నైక్విల్ ఇస్తుంది. మూడింట్లోనూ ఉన్నది ఈ ఒక్క మందే. నైక్విల్ సిరప్ ఒక మోతాదులో, అంటే 30 మిల్లీలీటర్లలో, ఎసిటమినోఫెన్ 650 మి.గ్రా. ఉంటుంది, మామూలు రకంలో ఆల్కహాల్ కూడా ఉంటుంది. అడ్విల్ అంటే ఇబుప్రోఫెన్, అలీవ్ అంటే నాప్రోక్సెన్. ఆ రెండూ కలపకూడదు.

గ్రేప్‌ఫ్రూట్ గురించి అందరూ అడుగుతారు. పారాసిటమాల్‌కీ ఇబుప్రోఫెన్‌కీ దాంతో చెప్పుకోదగ్గ గొడవ లేదు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే ఆక్సీకోడోన్, ఫెంటనిల్, మైగ్రేన్‌కి వాడే ఎర్గోటమిన్: వీటితో వద్దు. పేగు గోడలో ఈ మందుల్ని విరగ్గొట్టే ఎంజైమును ఆ పండులోని రసాయనం పాడుచేస్తుంది. ఎంజైము కొత్తగా తయారయ్యేదాకా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. కాబట్టి పండు పొద్దున, బిళ్ళ రాత్రి అని ఎడం పెట్టినా లాభం లేదు. మన పంపరపనస అదే కుటుంబం, దాంట్లోనూ ఆ రసాయనాలు ఉన్నాయి. బత్తాయి, కమలా రసం గురించి ఈ భయం అక్కర్లేదు.

---

పథ్యం_పట్టిక:

ఒకటి మర్చిపోయాను. గుండె వాల్వు మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా ఎసిట్రోమ్ లేదా వార్ఫరిన్ వాడేవాళ్ళు మీ కౌంటర్‌కి వస్తారు. వాళ్ళకి తోటకూర, పాలకూర, మునగాకు మానేయమని చెప్పేస్తుంటారు. మానేయక్కర్లేదు, వారం వారం ఒకే లెక్కన తినాలి. ఈ వారం రోజూ ఆకుకూర, వచ్చే వారం అసలు లేదు అంటేనే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే అంకె) ఊగుతుంది. వాళ్ళకి ఇబుప్రోఫెన్ రకం వద్దు. "అయితే డోలో వాడుకో, ఏం కాదు" అనడమూ పూర్తిగా నిజం కాదు. రోజుకి 2 గ్రాములో అంతకన్నా ఎక్కువో వరసగా కొన్ని రోజులు వాడితే ఐఎన్ఆర్ పెరుగుతుంది. జ్వరంతో తిండి తగ్గితే ఆకుకూర కూడా తగ్గి ఇంకా పెరుగుతుంది. మూడు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించుకోమనండి.

---

కౌంటర్‌_కబుర్లు:

అందరికీ దండాలు. ఒక్క పేజీ అనుకున్నది రెండు పేజీలయ్యేలా ఉంది. ఇంకో రెండు సందేహాలు. ఎకోస్ప్రిన్ 75 రోజూ వాడే మనిషి పంటి నొప్పికని ఇబుప్రోఫెన్ 400 అడిగితే ఎంత ఎడం పెట్టమనాలి? ఇంటికెళ్ళాక ఏ గుర్తు కనిపిస్తే బిళ్ళ ఆపేసి ఆస్పత్రికి పరుగెత్తాలని చీటీ చివర రాయాలి?

---

మాత్ర_చీటీ:

రక్తాన్ని గడ్డకట్టించే కణాల్లో ఈ రెండు మందులూ ఒకే చోట కూర్చుంటాయి. ఇబుప్రోఫెన్ ముందు వచ్చి కూర్చుంటే ఆస్పిరిన్‌కి చోటు దొరకదు, గుండెకి ఇవ్వాల్సిన కాపలా పోతుంది. పూత లేని ఆస్పిరిన్ అయితే అది వేసుకున్న అరగంట తర్వాత ఇబుప్రోఫెన్ వేసుకోవచ్చు, లేదా ఇబుప్రోఫెన్ వేసుకుని 8 గంటలు దాటాక ఆస్పిరిన్. అమెరికా ఎఫ్‌డీఏ చెప్పిన లెక్క ఇది. కానీ ఎకోస్ప్రిన్‌కి పూత ఉంది, అది ఎప్పుడు కరుగుతుందో టిఫిన్ బరువుని బట్టి మారుతుంది, కాబట్టి ఆ అరగంట లెక్క దానికి పనికిరాదు. పంటి నొప్పికి పారాసిటమాల్ ఇచ్చి, చాలకపోతే గుండె డాక్టరుని అడగమనడమే దారి. ఎకోస్ప్రిన్‌ని మాత్రం వాళ్ళంతట వాళ్ళు ఆపకూడదు.

చీటీ చివర ఇవి రాయండి. కాఫీ పొడిలాంటి వాంతి. తల తిరిగి చెమటలు పట్టడం. 12 గంటలుగా మూత్రం రాకపోవడం లేదా బాగా తగ్గడం. పారాసిటమాల్ లెక్క తప్పినట్టు తెలిస్తే ఏ బాధా లేకపోయినా వెంటనే, ఎందుకంటే మొదటి రోజు వికారం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు, విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 8 గంటల లోపు పడితే బాగా పనిచేస్తుంది. ఇంకోటి నల్లటి విరేచనం. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఐరన్ మాత్రలు వాడేవాళ్ళకీ మలం నల్లగానే వస్తుంది. దానికి నల్లటి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మామూలుగానే గట్టిగా ఉంటుంది. రక్తం కలిసినదైతే తారులా జిగటగా మెరుస్తూ, నీళ్ళు పోసినా బేసిన్‌కి అంటుకుని, గది దాటి వాసనొస్తుంది. తేడా తెలియకపోతే రక్తమే అనుకుని వెళ్ళమనండి.